ఐదో వచనం

నవంబర్ 5, బుధవారం
కాశీబుగ్గ, అమ్మ దగ్గర

మొన్న ఆదివారం నాన్న వెళ్లిపోయారు. సోమవారం సాయంత్రం సమాధి చేశాం. నాకు ఏడుపు రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. నాకంటే ముందు ఏడ్చేవాళ్లు బారులు తీరి ఉన్నారు. పెట్టె దగ్గర నిలబడబోతే చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన, "కాస్త జరగమ్మా, మా ప్రెసిడెంటుని సూసుకోవాల" అని నన్ను పక్కకి తప్పించాడు. ఆయన యూత్ మెంబరట. ఆయన వెనక ఇంకా బోలెడు యూత్ ఉంది. అందులో సగం మందికి మోకాళ్ల నొప్పులు.

గేటుకి కట్టిన ఫ్లెక్సీ ఇంకా తియ్యలేదు. "యవ్వనస్థుల నాయకులు ఆనందరావు గారు, వయసు 86 సంవత్సరాలు." రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి, పదవి ఒకసారి, అంకె ఒకసారి చదువుకుని వెళ్తున్నారు.

నవంబర్ 6

నేను ఒక్కగానొక్క కూతుర్నని అందరూ అంటారు. అది నిజం కాదు. నేను పుట్టిన ఏడాదే నాన్న మా సంఘంలో యవ్వనస్థులకి ప్రెసిడెంటయ్యారు. నేనూ ఆ పదవీ కవల పిల్లలం. ఇద్దర్లో ముద్దు దానికే ఎక్కువ జరిగింది.

ఏటా క్రిస్మస్ ముందు ఎన్నిక పెట్టేవారు. నాన్న లేచి, "నా వల్ల కాదు, ఇంక కుర్రోలు సూసుకోవాల" అనేవారు. అందరూ మీరే ఉండాలనేవారు. "సరే, ఈ ఒక్క ఏడాదే" అని కూర్చునేవారు. ఆ ఒక్క ఏడాది యాభై ఏళ్లు దాటింది. కుర్రాళ్లు తాతలయ్యారు, పళ్లు కట్టించుకున్నారు, ఆయన మాత్రం యూత్‌లోనే ఉండిపోయారు. తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా పడిపోతే, డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి రంపం భుజాన వేసుకుని "యూత్ బయల్దేరండి" అన్నారు. యూత్ బయల్దేరింది. దారిలో ఒకాయనకి బీపీ మాత్రలు గుర్తొస్తే ట్రాక్టరు వెనక్కి తిప్పారు.

ఊరి పనుల్లో పడి ఇంటిని పట్టించుకోలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఎక్కువే పట్టించుకున్నారు. నేను టెక్కలిలో ఇంటర్ చదివేటప్పుడు క్యారేజీ తనే బస్సెక్కి తెచ్చేవారు. ఒక్కరే వస్తే బాగుండేది. దారిలో దొరికిన యూత్‌ని కూడా తెచ్చేవారు. నేను తింటుంటే నలుగురు చుట్టూ నిలబడి "కూర బాగున్నాదా అమ్మీ" అని అడిగేవారు. కాలేజీలో నా పేరు మిరియం అని ఎవరికీ తెలియదు, ఊరేగింపు పిల్ల అనేవారు.

మొదటి ఉద్యోగం నందిగాం దగ్గర బళ్లో. మొదటి రోజు పాఠం మొదలుపెట్టి చూద్దును కదా, ఆఖరి బెంచీలో పిల్లల మధ్య నాన్న. చెయ్యెత్తి ప్రశ్న కూడా అడిగారు.

నవంబర్ 7

పాస్టరు గారు వచ్చి అమ్మతో ప్రార్థన చేసి వెళ్లారు. పదిహేనో తారీఖు శనివారం ఆదరణ కూడిక పెట్టుకున్నాం. ముందు పాటలు, ఆయన వాక్య ప్రసంగం, తెలిసినవాళ్లు ఒకరిద్దరి సాక్ష్యం, ఆఖర్న కుటుంబం తరఫున ఒకరు, తరవాత భోజనాలు.

"కుటుంబం తరఫున మీరేనమ్మా" అన్నారు నాతో.

అడగడం ఆలస్యం ఒప్పుకున్నాను. ఎందుకంత తొందరో ఇక్కడైనా రాసుకోవాలి.

మా సంఘంలో ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతూ ఎక్కడికో వెళ్లిపోతే, ఇంక కూర్చోమనడం మర్యాద కాదు. దానికి నాన్న ఒక ఉపాయం కనిపెట్టారు. ముందు వరసలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక పాట పల్లవి ఎత్తేవారు. ఎప్పుడూ అదే పాట. సంఘమంతా అందుకునేది. పాట నడుస్తుంటే మాట్లాడేవాడు ఏం చేస్తాడు, తనూ చప్పట్లు కొట్టుకుంటూ వెళ్లి కూర్చునేవాడు. ఎవరి పరువూ పోయేది కాదు, కూడికా వేళకి ముగిసేది.

నా తొమ్మిదో ఏట క్రిస్మస్ కూడికలో బైబిల్లోని ఆరు వచనాల కీర్తన కంఠతా చెబుతున్నాను. పరికిణీ కొత్తది. నాలుగు వచనాలు గడగడా చెప్పాను. ఐదోదానికి ముందు ఊపిరి తీసుకోడానికి ఆగాను. ఊపిరి తీసుకోడానికే. నాన్న పల్లవి ఎత్తేశారు. సొంత కూతురి మీద. నేనూ చప్పట్లు కొట్టుకుంటూ వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను.

ఆ తరవాత నాన్న ఉన్న కూడికలో నేను నోరు విప్పలేదు. బళ్లో మాట్లాడతాను, యూనియన్ మీటింగుల్లో మాట్లాడతాను, ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదంటారు మా ఆయన. కానీ ఆ చర్చిలో, ఆ ముందు వరస ఎదురుగా, ఒక్కసారి మొదలుపెట్టి ఆఖరిదాకా చెప్పి దిగాలని అప్పట్నుంచీ కోరిక. పదిహేనున చెబుతాను. ఈసారి ఆపేవారు లేరు.

పై వాక్యం రాశాక ఇంకేం రాయబుద్ధి కాలేదు. అమ్మ టీ ఇచ్చింది, చల్లారిపోయింది.

నవంబర్ 8

అమ్మకి చెవులు సరిగా వినిపించవు కానీ, వినకూడనివి వినిపిస్తాయి. నేను ఈయనతో ఆ కీర్తన సంగతి చెబుతుంటే వంటింట్లోంచి అంది.

"ఊపిరీ కాదు ఏటీ కాదు. నువ్వు మర్సిపోనావే."

"నాకు ఆరు వచనాలూ వచ్చమ్మా."

"వత్తే ఐదోది సెప్పు, ఇంటాను."

"ఇప్పుడు గిన్నెలు తోముతున్నాను."

"గిన్నెలు నోటితో తోముతావేటి?"

ఎనభై దాటిన మనిషి. జ్ఞాపకాలు కలగాపులగం అవుతుంటాయి.

నవంబర్ 9, ఆదివారం

అనుకున్నంతా అయింది. మన్మథరావు మావయ్య వచ్చారు.

మావయ్య నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు, రెండుసార్లు సర్పంచి. మా సంఘం మనిషి కాదు, ఇంట్లో అన్ని పూజలూ జరుగుతాయి. అయినా నాన్నతో వాలీబాల్ ఆడిన పుణ్యానికి తనూ యూత్‌లో ఉన్నట్టే లెక్క. క్రిస్మస్‌కి మా చర్చికి రాకుండా ఉండరు, వచ్చాక మాట్లాడకుండా ఉండరు. నాన్న పల్లవి ఆయన మీద పడినన్నిసార్లు ఇంకెవరి మీదా పడలేదు. ఒకసారి జెండా పండక్కి మా బడికి పిలిచాను. ఆయన మాట్లాడుతుంటే పిల్లలు ఎండకి ఒక్కొక్కరే నేల మీద చతికిలబడ్డారు, ఆఖరికి నిలబడింది జెండా కర్రా నేనూ. ఆ రోజు నాన్న ఊళ్లో లేరు.

కళ్లద్దాలు తుడుచుకుంటూ అమ్మ పక్కన కూర్చున్నారు. "శనోరం నానూ రొండు ముక్కలు సెప్తానమ్మీ. ఐదు నిమిసాలు సాలు."

"అలాగే మావయ్యా" అన్నాను. ఇంకేమంటాను?

ఆయన ఐదు నిమిషాలు అయ్యేసరికి ఎదురుగా కూర్చున్నవాళ్లు ముసలివాళ్లయిపోతారు. నా వంతు ఆయన తరవాత. అప్పటికి పలావు వాసన మొదలవుతుంది. పలావు వాసన తగిలాక మనిషి చెవులు పనిచేయవని టీచరుగా నాకు తెలుసు.

నవంబర్ 10

ఉపాయం దొరికింది. ఈయన.

మా ఆయన నతానియేల్ గారు మంచివారు. జీడిపప్పు మిల్లులో సూపర్‌వైజరుగా ఇన్నేళ్లు చేసి ఒక్కరినీ గట్టిగా మందలించి ఎరగరు. అందుకే కొంచెం నచ్చజెప్పాల్సి వచ్చింది.

"మావయ్య శ్రుతి మించితే నేను దగ్గుతాను. నేను దగ్గగానే మీరు పల్లవి ఎత్తాలి."

"నా వల్ల కాదు మిరియం. పాట ఎత్తాలంటే గొంతుండాల."

"మీరు మొదలుపెడితే చాలు, మిగతాది సంఘం చూసుకుంటుంది."

"అంత పెద్దమనిసిని మజ్జిలో ఎలగాపీగలను?"

"మా నాన్న నన్ను తొమ్మిదో ఏట ఆపేశారు."

ఈయన ఒప్పుకున్నారు. ఆ మాట ముప్పై ఏళ్లుగా వింటున్నారు మరి.

నవంబర్ 11

ఈయన బాత్రూంలో సాధన చేస్తున్నారు. ఎవరికి ఒంట్లో బాగోలేదని పక్కింటివాళ్లు వచ్చి అడిగారు.

నవంబర్ 12

నేను చెప్పాల్సింది రాసుకున్నాను. చదివి చూసుకుంటే మండలాఫీసులో ఇచ్చే ఫిర్యాదులా ఉంది. క్యారేజీ, ఊరేగింపు, నా పెళ్లిలో యూత్ అంతా ఒకే రంగు చొక్కాలు వేసుకొచ్చి పెళ్లికొడుకెవరో తెలియకుండా చేసిన సంగతి. చింపేసి మళ్లీ మొదలుపెట్టాను.

రెండోసారి రాసింది బాగుంది. అందులో ఆఖరి బెంచీ సంగతి పెట్టాను. నాన్న అడిగిన ప్రశ్న కూడా. ఆ రోజు చెయ్యెత్తి లేచి నిలబడి, పిల్లలందరూ వింటుండగా, "టీచరు గారూ, మీరు అన్నం తిన్నారాండీ?" అని అడిగారు. తినలేదు. భయంతో పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఆయనకెలా తెలిసిందో. పిల్లలు నవ్వారని నేను వారం రోజులు నాన్నతో మాట్లాడలేదు.

ఇది చెబితే అందరూ నవ్వుతారు. గట్టిగా ఒకసారి చదువుకుందామనుకున్నాను కానీ గొంతు బొంగురుపోయింది. చలికాలం కదా.

నవంబర్ 13

ఐదో వచనం నాలుక చివరే ఉంది. బైబిలు తీసి చూడొచ్చు. చూస్తే అమ్మ గెలిచినట్టు.

నవంబర్ 14, టెక్కలి

సెలవు పెట్టినా పిల్లల పండగకి బడికి వెళ్లక తప్పలేదు. పాటలు, డాన్సులు. మూడో తరగతి పిల్ల పద్యం చెబుతూ సగంలో ఆగిపోయింది. నా వైపు చూస్తోంది. నేను గబగబా చప్పట్లు మొదలుపెట్టాను, పిల్లలంతా అందుకున్నారు. నవ్వుకుంటూ వెళ్లి కూర్చుంది.

రేపటి చీర ఇస్త్రీ చెయ్యాలి. గొంతుకి మిరియాల పాలు తాగాలి.

నవంబర్ 15, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

చర్చి ఆవరణలో షామియానా వేశారు. జనం నిండిపోయారు. ముందు వరసలో నాన్న కూర్చునే కుర్చీని ఎవరూ చెప్పకుండానే ఖాళీగా వదిలేశారు. యూత్ అంతా ఎడమ పక్క. కర్రలన్నీ ఒక మూల నిలబెట్టారు.

పాటలయ్యాయి. పాస్టరు గారు వాక్యం మొదలుపెట్టారు. మంచి వాక్యమే. ఆయన ఊపు మీద ఉండగా గాలి ఇటు తిరిగి, పక్కనున్న మిల్లులో జీడిపిక్కలు కాల్చే పొగ షామియానాలోకి వచ్చింది. నాకు గొంతులో గరగర. ఆపుకోవాలని చూశాను. దేవుడి సాక్షిగా చూశాను. ఆగలేదు. దగ్గాను.

ఈయన లేచి నిలబడి పల్లవి ఎత్తారు.

బాత్రూంలో సాధన వృథా పోలేదు, ఎక్కడా తడబడలేదు. సంఘానికి ఆ పల్లవి వినబడగానే అందుకోవడం యాభై ఏళ్ల అలవాటు. అందరూ అందుకున్నారు. పాస్టరు గారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండిపోయారు. మావైపు చూశారు, ఖాళీ కుర్చీ వైపు చూశారు. తరవాత బైబిలు మూసి చప్పట్లు కొట్టుకుంటూ వచ్చి కూర్చున్నారు. నేను నేల వైపు చూస్తూ ఉండిపోయాను. అమ్మ మాత్రం చాలా ఆనందంగా పాడింది.

"నువ్వే కదా దగ్గినావు" అన్నారు ఈయన నా చెవిలో.

అప్పుడు మన్మథరావు మావయ్య లేచారు.

వాలీబాల్‌తో మొదలుపెట్టారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, బంతి ఎటు వచ్చింది, అన్నీ. తరవాత తుపాన్లు, ఒక్కొక్క తుపానూ. వెనక గుండిగల మూతలు తీస్తున్న చప్పుడైంది, పలావు వాసన వచ్చింది, జనం కుర్చీల్లో కదిలారు. నేను దగ్గాను. ఈయన కదల్లేదు. మళ్లీ దగ్గాను. ఈయన షామియానా కొనలు చూస్తున్నారు. ఇంకోసారి దగ్గితే పక్కనావిడ పర్సులోంచి దగ్గుబిళ్ల తీసి ఇచ్చింది.

మావయ్య మళ్లీ వాలీబాల్ దగ్గరికి వచ్చారు. చెప్పిందే చెబుతున్నారు. మధ్యమధ్య ఆ కుర్చీ వైపు చూస్తున్నారు. చూసి ఆగుతున్నారు, మళ్లీ మొదలుపెడుతున్నారు. ఆఖరికి మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"నన్ను కూకోబెట్టీవోడు లేడు" అన్నారు. "ఎలగాపాలో నాకు తెలీట్లేదు."

యూత్‌లో ఎవరో వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

నా వంతు. ఈసారి ఆపేవారు లేరు, ఆఖరిదాకా చెప్పి దిగుతాను అనుకుంటూ వెళ్లాను. బాగా మొదలైంది. ఎన్నికల సంగతి చెబితే నవ్వారు. బీపీ మాత్రల సంగతి చెబితే ఆ మాత్రలాయన లేచి నిలబడి చెయ్యి ఊపాడు. ఊరేగింపు పిల్ల అంటే అమ్మ కూడా నవ్వింది. పలావు వాసన కొడుతున్నా నా మాట వింటున్నారు. ఇంక ఒక్కటే మిగిలింది, ఆఖరి బెంచీ.

"మొదటి రోజు పాఠం చెబుతుంటే నాన్న చెయ్యెత్తి లేచారు. లేచి ఏం అడిగారంటే..." అన్నాను.

ఆగాను. ఊపిరి తీసుకోడానికే అనుకున్నాను. కానీ ఊపిరి రాలేదు. రాసుకున్న కాగితం చూశాను, అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. ఎదురుగా ఆ కుర్చీ. అన్నం తిన్నారాండీ అన్న రెండు ముక్కలు నోట్లోంచి రావు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అంతమంది ముందు అలా నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొత్త పరికిణీ కట్టుకుని ఒకసారి నిలబడ్డాను.

అప్పుడు రెండో వరసలోంచి ఎవరో పల్లవి ఎత్తారు. శ్రుతి లేదు, తాళం లేదు, మాటలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. మన్మథరావు మావయ్య. కళ్లు మూసుకుని పాడుతున్నారు. యూత్ అందుకుంది. అందరూ అందుకున్నారు.

చప్పట్లు కొట్టుకుంటూ వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. పదమూడు రోజుల ఏడుపు, అందరి ముందూ, ముక్కు కారుతూ. అమ్మ చీర చెంగు ఇచ్చింది.

భోజనాల దగ్గర మావయ్య పక్కన కూర్చున్నాను. ఆయన పలావులో జీడిపప్పు ఏరి నా విస్తట్లో వేస్తున్నారు, చిన్నప్పట్లా.

"మా పాట మీకెలా వచ్చు మావయ్యా?" అన్నాను.

"ఎన్నిసార్లు నా మీద ఎత్తినాడే మీ నాన. రాకేటౌతాది." ఇంకో పప్పు నా విస్తట్లో వేశారు. "నన్ను ఆపీసినాడని జనాలనుకునీవోరు. ఆపడం కాదమ్మీ. మాట మర్సిపోయి, దిగడానికి దారి తెలీక, నాను సెప్పిందే సెప్తంటే, అప్పుడెత్తీవోడు. ఒక్కనాడూ నన్నలగ నిలబెట్టి ఒగ్గీలేదు."

నేను తల ఊపాను. జీడిపప్పు తిన్నాను. చాలాసేపు అదే పనిగా తిన్నాను.

నవంబర్ 16, ఆదివారం

పాస్టరు గారికి ఈయన క్షమాపణ చెప్పారు. "పర్వాలేదండీ, ఆనందరావు గారు ఉన్నా అక్కడే ఎత్తేవారు" అన్నారట. పెద్ద మనసు.

ఆరాధన అయ్యాక యూత్ వచ్చి చుట్టూ నిలబడింది. చేతికర్ర ముసలాయన ముందుకొచ్చాడు. "డిసెంబరొచ్చీసింది. కేరల్స్ పాటలు ఇంటింటికీ తిప్పాల. ఎవులో ఒకలు ముందుండాల గదమ్మా."

నాకు యాభై నాలుగేళ్లన్నాను.

"పర్లేదు. సిన్నదానివే" అన్నారు.

ఈ ఒక్క ఏడాదేనని గట్టిగా చెప్పాను. అందరూ అలాగే అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ చారుకి చింతపండు పిసుకుతోంది. పక్కన పీట వేసుకుని కూర్చుని, కీర్తన అప్పజెబుతాను వినమన్నాను. చెయ్యి ఆపకుండానే వింటోంది. నాలుగు వచనాలూ తడుముకోకుండా వచ్చాయి. ఐదోదాని దగ్గర ఆగాను. అమ్మ నా వైపు చూసింది. ఊపిరి తీసుకుంటున్నానని చెప్పలేదు. నాకు రాదు. తొమ్మిదో ఏట కూడా రాలేదు.

అమ్మ చింతపండులో చెయ్యి అలాగే ఉంచి, వచ్చిన గొంతుతో పల్లవి ఎత్తింది. నేను అందుకున్నాను.